రెండు చిత్రముల నడుమ జరిగినదేమి?

ఇటిక్యాల ప్రాంతమున ప్రత్తి పూతకు వచ్చిన దినములలో ఒక ఉదయము చేని గట్టుమీద నిలిచి చూడుడు. నిన్నటి సాయంకాలము చుట్టచుట్టుకొని యున్న మొగ్గ నేడు లేత పసుపు కలిసిన తెల్లని పువ్వై కనిపించును. రేపటికి అదే పువ్వు గులాబి రంగు దాల్చును. ఆపైన వాడి, ఎర్రబారి, రాలుటకు సిద్ధమగును. ఈ సంగతి రైతు బిడ్డకు ఎవ్వరును చెప్పనక్కరలేదు. అయినను తెల్లని రేకు గులాబిగా మారుచుండగా చూచినవారెవరు? మన కన్ను మిక్కిలి వేగముగా జరుగు దానిని పట్టుకొనలేదు. మిక్కిలి మెల్లగా జరుగు దానిని కూడ పట్టుకొనలేదు. ఈ రెండవ లోపమును తీర్చుటకే టైమ్‌లాప్స్ ఛాయాచిత్రణము పుట్టినది.

దీని సూత్రము సులభము. కెమెరాను కదలకుండ నిలిపి, నిర్ణీతమైన విరామమునకు ఒక్కొక్క చిత్రము తీసి, ఆ చిత్రములను సినిమావలె వరుసగా నడుపవలెను. నిమిషమునకు ఒక చిత్రము తీసితిమనుకొందము. ఒక దినమునకు 1,440 చిత్రములగును. సినిమా సెకనుకు 24 చిత్రముల చొప్పున నడచును గనుక ఆ చిత్రములన్నియు సరిగా 60 సెకన్లలో ముగియును. ఒక దినము ఒక నిమిషమైనది. కాలము 1,440 రెట్లు వేగముగా నడచినది. ఎనిమిదవ తరగతి విద్యార్థి ఈ లెక్కను నోటితోనే చేయగలడు.

ఒకప్పుడు ఈ పనికి ఖరీదైన సినిమా కెమెరా, ప్రత్యేకమైన గడియారపు యంత్రము, ఫిలిము, దానిని కడుగు చీకటి గది కావలసియుండెను. నేడు ఇంటిలో మూలబడిన పాత స్మార్ట్‌ఫోను చాలును. అందువలన పూలు విచ్చుట, మబ్బులు పరుగిడుట, విత్తనము మొలకెత్తుట మొదలైన దృశ్యములు ఎల్లయెడల కనిపించుచున్నవి. ఉపాధ్యాయులు వీనిని తరగతిలో కూడ చూపుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయమే. కాని అట్టి చిత్రమును చూచునప్పుడును, తీయునప్పుడును మనము ఒక ప్రశ్న వేయవలెను: ఒక చిత్రమునకును దాని తరువాతి చిత్రమునకును నడుమ జరిగినదేమి? ఆ నడుమ జరిగినదానిని కెమెరా చూడలేదు. కాలమును కుదించుట యనగా కాలములో అధికభాగమును పారవేయుటయే. ఏ భాగమును పారవేసితిమో చెప్పని చిత్రము వినోదము కావచ్చునుగాని విజ్ఞానము కానేరదు. ప్రసిద్ధమైన కొన్ని చిత్రములను, పిదప మన చేలను, మన నదిని ఈ దృష్టితో పరిశీలింతము.

ప్రసిద్ధ చిత్రములు – గుణదోషములు

జర్మనీలోని లైప్‌జిగ్‌లో వృక్షశాస్త్రాచార్యుడుగా నుండిన విల్‌హెల్మ్ ఫెఫర్ 1898–1900 సంవత్సరముల నడుమ మొక్కల కదలికలను ఈ పద్ధతిని చిత్రించెను. తులిప్ పువ్వులు, అత్తిపత్తి ఆకులు, చిక్కుడు జాతి మొక్క వేరు ఆయన ఎన్నుకొన్న విషయములు. వేరు నేలవైపునకు వంగుటను కంటికి కట్టించిన తొలి చిత్రములలో ఇవి చేరును. ఫెఫర్‌కు చిత్రము ఒక పరికరము. తరాజు బరువును చూపినట్లు ఇది కదలికను చూపును. ఈ చిత్రములలో అలంకారము తక్కువ, ఉపయోగము ఎక్కువ.

1910లో బ్రిటనుకు చెందిన పెర్సీ స్మిత్ ‘ది బర్త్ ఆఫ్ ఎ ఫ్లవర్’ అను చిన్న చిత్రమును తీసెను. మొగ్గలు ఒకదాని వెంట ఒకటి విచ్చుట ఇందలి విషయము. దీని గుణము దాచదగినది కాదు: మొక్కకు కూడ కదలిక యున్నదను సత్యమును సామాన్య ప్రేక్షకుని కన్నుల ముందుంచినది. కాని ఇట్టి చిత్రములు ఒక అలవాటును కూడ నేర్పినవి. పువ్వును తోటనుండి వేరుచేసి, దానిపైననే దృష్టి నిలిపి, అందమును చూపి ముగించుట ఆ అలవాటు. నేడు ఫోనులలో తిరుగు పూల చిత్రములు చాలవరకు ఈ దారిలోనే నడచుచున్నవి. పువ్వు ఎన్ని గంటలలో విచ్చినది? ఎంత పెద్దది? రాత్రియా, పగలా? వెలుతురు సూర్యునిదా, దీపముదా? ఏ ప్రశ్నకును సమాధానము దొరకదు. మూడు గంటలలో విచ్చిన పువ్వును, మూడు దినములలో విచ్చిన పువ్వును తెరపైన ఒకే అయిదు సెకన్లలో చూపవచ్చును. రెండును ఒక్కతీరుగానే విచ్చినవని పిల్లలు తలంతురు. ఇది చిన్న దోషము కాదు.

1995లో బి.బి.సి. సంస్థ డేవిడ్ అటెన్‌బరో వ్యాఖ్యానముతో ‘ది ప్రైవేట్ లైఫ్ ఆఫ్ ప్లాంట్స్’ అను ఆరు భాగముల చిత్రమాలికను ప్రసారము చేసినది. అందులో ముండ్లపొద తీగెలు నేలపై ప్రాకిపోవు దృశ్యము ప్రసిద్ధమైనది. ఇంతటి ఓర్పుతో, నేర్పుతో తీసిన చిత్రములు అరుదు. అయినను ఒక హెచ్చరిక అవసరము. తీగె కదలికను వేల రెట్లు వేగవంతము చేసినప్పుడు అది జంతువువలె కనిపించును. ఏదో కోరి, దేనికొరకో వెదకి, పైబడుచున్నట్లు తోచును. ఆ ‘కోరిక’ మొక్కలోనిది కాదు, మనము పెంచిన వేగములోనిది. అదే తీగెను మరికొంత మెల్లగా చూపినచో ఆ భావము సగము తగ్గిపోవును. ఉపాధ్యాయుడు ఒకే చిత్రమును రెండు వేగములతో నడిపి చూపినచో ఈ సంగతిని విద్యార్థులు తామే గ్రహింతురు.

1982 నాటి అమెరికా చిత్రము ‘కొయానిస్‌కాట్సీ’ మరియొక విధమైనది. గాడ్‌ఫ్రే రెజియో దర్శకత్వమున రాన్ ఫ్రికే చిత్రించిన ఈ సినిమాలో మహానగరపు రహదారులపై వాహనముల దీపములు కాలువలవలె ప్రవహించును. జనులు యంత్రమునుండి వెలువడు సరకువలె కదలుదురు. నగరజీవితములోని యాంత్రికతను చూపుటయే దర్శకుని ఉద్దేశము గనుక ఆ ఉద్దేశమునకు ఈ పద్ధతి తగినది. కాని మనము గమనింపవలసిన దేమనగా, అందులో మనుష్యులు ప్రవాహముగా కనిపించుటకు ఒక కారణము విరామమే. ఒక మనిషి ఆగి మరియొకనితో రెండు మాటలాడిన క్షణము రెండు చిత్రముల నడుమ జారిపోవును. విరామమును ఎన్నుకొనుట యనగా ఒక అభిప్రాయమును ఎన్నుకొనుటయే.

నిద్రపోని చింతచెట్టు

ఇది సినిమాలకు మాత్రమే చెందిన చిక్కు కాదు. చింతచెట్టు ఆకులు రాత్రివేళ ముడుచుకొని, ఉదయమున విచ్చుకొనును. వేరుసెనగ ఆకులును అంతే. ఒక విద్యార్థి ప్రతిదినము ఉదయము పది గంటలకు ఒక చిత్రము చొప్పున నెల దినములు చింతకొమ్మను చిత్రించెననుకొందము. ముప్పది చిత్రములలోను ఆకులు విచ్చియే యుండును. ఆ చిత్రమును చూచినవాడు చింతచెట్టు నిద్రపోదని చెప్పును. మరియొక విద్యార్థి ఉదయము పదికి ఒకటి, రాత్రి పదికి ఒకటి తీసెను. అతని చిత్రములో ఆకులు పక్షి రెక్కలవలె టపటప కొట్టుకొనును. చెట్టు ఒక్కటే, ఇద్దరిలో ఎవరును అబద్ధమాడలేదు. అయినను ఇద్దరి చిత్రములును తప్పు త్రోవ పట్టించును.

దీనినుండి ఒక నియమము ఏర్పడుచున్నది. ఒక మార్పు మరల మరల జరుగునదైనచో, అది ఒక్కసారి పూర్తియగుటకు పట్టు కాలములో రెండింటికంటె ఎక్కువ చిత్రములు తీయనిదే దాని జాడయే తెలియదు. దాని తీరు తెలియవలెనన్న పదియో ఇరువదియో కావలెను. చింతాకుల దినచర్యకు అరగంటకు ఒకటి చొప్పున 48 చిత్రములు తీసినచో ముడుచుకొను వేళ, విచ్చుకొను వేళ స్పష్టముగా తెలియును. ధ్వనిని అంకెలలోనికి మార్చు ఇంజనీర్లు పాటించునదియు ఈ నియమమే.

కనుపించని చేయి

ఇప్పుడు మన ప్రత్తి చేనికి వత్తము. గద్వాల ప్రాంతము విత్తన ప్రత్తికి పేరుపొందినది. ప్రపంచములో వాణిజ్యముగా సాగులోనికి వచ్చిన తొలి సంకర ప్రత్తి 1970లో మన దేశములోనే, గుజరాత్‌లోని సూరత్‌లో సి.టి. పటేల్ కృషివలన వెలువడినది. సంకర విత్తనము కావలెనన్న ప్రతి పువ్వును చేతితో సంకరపరచవలెను. మరునాడు విచ్చనున్న మొగ్గను ముందునాటి సాయంకాలము ఎన్నుకొని, గోటితో దాని రేకులను, పుప్పొడి తిత్తులను తొలగింతురు. మరునాటి ఉదయము మగమొక్క పువ్వును తెచ్చి దాని పుప్పొడిని ఆడపువ్వు కీలాగ్రమునకు రాయుదురు. దీనినే మన పల్లెలలో క్రాసింగు అందురు. పూత సాగినన్ని దినములు, ప్రతి మొక్కకును, ప్రతి పువ్వుకును ఈ పని జరుగవలసినదే.

ఈ చేనిలో ఒక మొగ్గ ఎదుట నిమిషమునకు ఒక చిత్రము తీయునట్లు ఫోనును నిలిపినచో ఏమి కనిపించును? మొగ్గ మెల్లగా ఉబ్బును. అకస్మాత్తుగా ఒక చిత్రమునుండి మరియొక చిత్రమునకు రేకులు మాయమగును. రాత్రి గడచును. కొంత కాలమునకు కాయ ఊరును. పువ్వు పూచిన పిదప సుమారు ఏడెనిమిది వారములకు కాయ పగిలి తెల్లని దూది బయటపడును. చిత్రము చక్కగా ముగియును. కాని రేకులను తీసిన చేయి ఏది? పుప్పొడి రాసిన చేయి ఏది? ఆ పని ఒక్కొక్క పువ్వుకు కొన్ని సెకన్లలో ముగియును గనుక విరామమున జారిపోయినది. అదృష్టవశమున ఆ చేయి ఒక్క చిత్రములో పడినను, తెరపై అది సెకనులో 24వ వంతు మాత్రమే నిలుచును. అంత స్వల్పకాలమున అది చేయియని గుర్తించుట కష్టము. ఈ చిత్రమును చూచిన పట్టణపు బాలుడు ప్రత్తి తనంతట తానే కాచినదని తలంచును.

ఈ చేయి ఎవరిదను ప్రశ్న తేలికైనది కాదు. 1990 దశకపు చివరినుండి పరిశోధకులు వెలువరించిన నివేదికలు అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల విత్తన ప్రత్తి చేలలో పిల్లలు, అందును ముఖ్యముగా బాలికలు, బడి మానుకొని ఈ పని చేసిన సంగతిని లోకమునకు తెలిపినవి. అప్పుడు ఇటిక్యాల ప్రాంతము మహబూబ్‌నగర్ జిల్లాలోనిదే. జోగులాంబ గద్వాల జిల్లా ఏర్పడినది 2016లో. పువ్వు విచ్చుటను మాత్రమే చూపి, ఆ చేతులను విరామములో పారవేసిన చిత్రమును మన తరగతిలో ‘ప్రకృతి వింత’ యని చూపుట న్యాయమగునా? వృక్షశాస్త్రము దృష్టితో చూచినను అది తప్పే. ఈ చేనిలో కాయకు కారణమైన పరాగసంపర్కము ఆ చేతివలన జరిగినది. దానిని వదలిన చిత్రము కారణమును వదలి ఫలితమును మాత్రము చూపినదగును.

దీనికి పరిష్కారము కఠినమైనది కాదు. పువ్వు మార్పుకు ఒక విరామమును, పనికి మరియొక విరామమును పెట్టవలెను. క్రాసింగు జరుగు ఉదయపు వేళ అయిదు సెకన్లకు ఒకటి చొప్పున తీసినచో గంటకు 720 చిత్రములగును. తెరపై 30 సెకన్లు నడచును. అందులో చేతులు కనిపించును, సాలు వెంట సాగు పని కనిపించును. తీయుటకు ముందు పనివారి అనుమతి పొందుట కనీస మర్యాద. ఇష్టపడనివారి ముఖములను చిత్రించరాదు.

తక్కువ ఖర్చుతో మొదలుపెట్టుట

ఇక పరికరముల సంగతి. ఖరీదైన కెమెరా లేదని వెనుదీయనక్కరలేదు. సాధారణముగా మనము చూచు హై డెఫినిషన్ సినిమా చిత్రమునకు అడ్డముగా 1,920, నిలువుగా 1,080 చుక్కలు ఉండును. అనగా సుమారు ఇరువది లక్షలు. పాత ఫోను కెమెరా కూడ ఎనుబది లక్షల చుక్కల చిత్రమును తీయగలదు. అవసరమునకు నాలుగు రెట్లు ఇంటిలోనే యున్నది.

ఫోనులోనే యుండు టైమ్‌లాప్స్ ఏర్పాటును మాత్రము గ్రుడ్డిగా నమ్మరాదు. కొన్ని ఫోనులలో చిత్రీకరణ సాగినకొలది యంత్రమే విరామమును పెంచుకొనును. ఫలితము నునుపుగా నుండును. కాని ఎన్ని సెకన్లకు ఒక చిత్రము తీసినదో తీసినవానికే తెలియదు. కనుక విరామమును మనమే నిర్ణయించు వీలున్న ప్రోగ్రామును వాడవలెను. ఆండ్రాయిడ్ ఫోనులకు ‘ఓపెన్ కెమెరా’ అనునది ఉచితముగా లభించును. మరల మరల చిత్రము తీయుటకు, రంగుల సమతౌల్యమును మార్పులేకుండ నిలుపుటకు అందు వీలున్నది. విడి చిత్రములను సినిమాగా కూర్చుటకు కంప్యూటరులో ‘షాట్‌కట్’ వంటి ఉచిత ప్రోగ్రాములు కలవు.

రంగుల విషయము ప్రత్తి పువ్వుకు మరీ ముఖ్యము. ఫోను తనంతట తాను రంగులను సరిదిద్దుకొనుచుండును. ఉదయపు టెండలోని ఎరుపును తగ్గించును, నీడలోని నీలమును తగ్గించును. తెలుపునుండి గులాబికి మారు పువ్వును చిత్రించునప్పుడు ఆ మార్పు పువ్వులోనిదా, ఫోనులోనిదా? ఇది తెలియుటకు రెండు పనులు చేయవలెను. మొదటిది, రంగుల సమతౌల్యమును ‘ఎండ’ అను గుర్తువద్ద స్థిరముగా నిలుపుట. రెండవది, పువ్వు ప్రక్కన ఒక తెల్ల కాగితమును చిత్రములో పడునట్లు ఉంచుట. కాగితము తెల్లగానే యుండి పువ్వు మాత్రము గులాబియైనచో మార్పు పువ్వుదే. కాగితము కూడ ఎర్రబడినచో దోషము వెలుతురుది. ఈ కాగితపు ముక్కకు పైసా ఖర్చు లేదు. కాని చిత్రమునకు సాక్ష్యబలము నిచ్చునది ఇదే. ఆ కాగితముమీదనే సెంటీమీటరు గీతలు గీసినచో కొలబద్దగా కూడ పనికివచ్చును.

ఫోనును నిలుపుటకు నేలలో గట్టిగా పాతిన వెదురుబొంగు, దానికి బిగించిన పట్టు చాలును. ఇసుక సంచిమీద ఆనించినను మంచిదే. ఎండలో ఫోను వేడెక్కి ఆగిపోవును గనుక గొడుగో, తాటాకో అడ్డముంచవలెను. విద్యుత్తుకు పవర్ బ్యాంకు కావలెను. పువ్వు గాలికి ఊగకుండ కొమ్మను ఒక పుల్లకు వదులుగా కట్టి, గాలి వచ్చువైపు గుడ్డ అడ్డము కట్టవలెను.

మొదటి ప్రయత్నముగా మామూలు ప్రత్తి చేనిలో ఒక పువ్వును రెండు పగళ్లు చిత్రింపుడు. ఉదయము ఆరునుండి సాయంకాలము ఆరువరకు రెండు నిమిషములకు ఒకటి చొప్పున పగటికి 360 చిత్రములు. తెరపై 15 సెకన్లు. రెండు పగళ్లకు 720 చిత్రములు, 30 సెకన్లు. ఒక్కొక్క చిత్రము మూడు మెగాబైట్లనుకొన్నను మొత్తము రెండు గిగాబైట్లకు కొంచెము మించును. రాత్రి సంగతి యేమి? దీపము పెట్టి తీయవచ్చును. కాని రాత్రియంతయు దీపపు వెలుతురు పడిన పువ్వు చీకటిలోని పువ్వువలెనే మారునని మనము చెప్పజాలము. తొలిసారికి రాత్రిని వదలివేసి, రెండు పగళ్ల నడుమ నల్లని తెరమీద ‘ఇచ్చట పండ్రెండు గంటలు చిత్రింపలేదు’ అని వ్రాయుట మేలు. తెలిసి వదలిన ఖాళీ అవమానకరము కాదు. దాచిన ఖాళీయే దోషము.

బీచుపల్లి మెట్లు

చేను లేనివారికి నది యున్నది. బీచుపల్లివద్ద కృష్ణానది ఒడ్డున స్నానఘట్టములు కలవు. 2016 ఆగస్టులో పుష్కరములకు వచ్చిన యాత్రికులు ఇచ్చట స్నానములు చేసిరి. నీరు పెరిగినప్పుడు మెట్లు ఒక్కొక్కటిగా మునుగును, తగ్గినప్పుడు బయటపడును. అనగా నది ఒడ్డున కొలబద్ద సిద్ధముగా నున్నది. ఎత్తైన, అపాయము లేని ఒకే స్థలమునుండి ప్రతిదినము ఒకే వేళ ఒక చిత్రము తీసినచో ఏడాదికి 365 చిత్రములు. తెరపై పదునైదు సెకన్ల పైచిలుకు. అందులో వేసవి నది, వానకాలపు నది, శీతకాలపు నది కనిపించును.

కాని ఇచ్చట కూడ మన ప్రశ్నను మరువరాదు. బీచుపల్లికి ఎగువన జూరాల జలాశయమున్నది. దాని గేట్లు తెరచినప్పుడు కొన్ని గంటలలోనే నీటిమట్టము మారును. దినమునకు ఒక చిత్రము తీయువానికి ఆ కొన్ని గంటల పెరుగుదల దొరకకపోవచ్చును. 2009 అక్టోబరులో వచ్చిన మహా వరదవలె దినములకొలది నిలిచినదైనచో దొరకును. కనుక ఈ చిత్రముద్వారా ఋతువులను గూర్చి చెప్పవచ్చును. గేట్లను గూర్చి చెప్పరాదు. వరద సమయమున చిత్రము కొరకు మెట్లు దిగరాదను మాట విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదనుకొందును. అయినను ఉపాధ్యాయులు చెప్పుటయే మంచిది.

ప్రతి టైమ్‌లాప్స్ చిత్రమునకు తోడుగా నోటుపుస్తకమున ఒక పుట ఉండవలెను. స్థలము, తేదీ, మొదలుపెట్టిన వేళ, విరామము, మొత్తము చిత్రములు, వెలుతురు, నడుమ ఆగిన వేళలు, చిత్రమున పడకపోయినను దగ్గరనున్నవారు కంట చూచిన సంగతులు అందులో వ్రాయవలెను. ‘ఉదయము తొమ్మిదిన్నరకు ఇద్దరు వచ్చి క్రాసింగు చేసి పోయిరి’ అను ఒక్క వాక్యము, కెమెరా పారవేసిన దానిని తిరిగి తెచ్చి యిచ్చును. తరగతిలో చిత్రమును చూపిన పిమ్మట దీపము వేసి, ఈ పుటను చదివించి, పిల్లలను అడుగుడు: రెండు చిత్రముల నడుమ జరిగినదేమి? ప్రత్తి చేనికి పోయివచ్చిన పిల్లవాడు ఆ తరగతిలో ఉన్నచో, సమాధానము చెప్పుటకు మొదట చేయెత్తువాడు అతడే.